ఒకే ఇంటి మూడు పద్దులు

2000 ఆగస్టు 28న ఇందిరా పార్కు దగ్గర బయల్దేరిన ఊరేగింపు అసెంబ్లీ దాకా చేరలేదు. బషీర్‌బాగ్ దగ్గర ముళ్లకంచెలు, వాటర్ క్యానన్లు, గుర్రాల మీది పోలీసులు అడ్డం నిలిచారు. లాఠీలు లేచాయి, చివరికి తుపాకులు పేలాయి. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి మనకు దక్కలేదు. కరెంటు చార్జీలు పెంచొద్దని అడగడానికి వెళ్లినవాళ్లు వాళ్లు. వాళ్ల స్మృతిలో మాట్లాడమని పిలిచినప్పుడు ఆ రోజు కథ మళ్లీ చెప్పి కూర్చోవడం సరికాదనిపించింది. ఆ ఊరేగింపు ఏ ప్రశ్న పట్టుకుని అసెంబ్లీ వైపు నడిచిందో, ఆ ప్రశ్నను లోపల ఎవరు అడిగారో, అడిగినవాళ్లే గద్దె ఎక్కాక దానికి ఏ గతి పట్టిందో ఇవాళ మీ ముందు పెడతాను.

నా వాదన చిన్నదే. సేద్యం, వైద్యం, కరెంటు సచివాలయంలో మూడు శాఖలు. ముగ్గురు మంత్రులు, మూడు బడ్జెట్ పద్దులు. రైతు ఇంట్లో మాత్రం అవి మూడూ కలిసి ఒకే అప్పు. ఆ మూడింటినీ కలిపి చదివినప్పుడే మన ప్రతిపక్షాలు ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీయగలిగాయి. గద్దె ఎక్కగానే మళ్లీ విడదీసి చదివారు. దెబ్బ అక్కడే తగిలింది.

ముందు మోటారు దగ్గర మొదలుపెడదాం. బోరు కింద అయిదు హెచ్‌పీ మోటారు అంటే దాదాపు 3.7 కిలోవాట్లు. ఏడు గంటలు ఆడితే రోజుకు సుమారు 26 యూనిట్లు. పంట కాలంలో నూట యాభై రోజులు ఆడితే 3,900 యూనిట్ల పైచిలుకు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం హెచ్‌పీకి ఏడాదికి 50 రూపాయల స్లాబ్ రేటు పెట్టినప్పుడు ఈ మోటారుకు రైతు కట్టింది ఏడాదికి 250 రూపాయలు. మీటరు లేదు, రీడింగు లేదు. పల్లెలో బోర్లు పెరిగాయి, మెట్ట పచ్చబడింది, భూగర్భజలం దిగిపోయింది. చెరువులు పూడిపోయిన రాయలసీమలో, తెలంగాణ మెట్టలో బోరు విలాసం కాదు. కాలువ లేనిచోట బోరే కాలువ. డెల్టా రైతుకు నీళ్లు గురుత్వాకర్షణతో వస్తాయి, నీటితీరువా నామమాత్రం. అనంతపురం రైతు అదే నీటిని వందల అడుగుల లోతు నుంచి తోడాలి. ఉచిత కరెంటు మీద వాదించే ఆర్థికవేత్తలు ఈ తేడాను లెక్కలోకి తీసుకోగా నేను అరుదుగా చూశాను.

ఇక ఆ కరెంటు ఎలా వచ్చేది? త్రీఫేజ్ సరఫరాను గ్రూపులుగా విడగొట్టి వంతుల వారీగా ఇచ్చేవారు. ఒక వారం పగలు, ఒక వారం అర్ధరాత్రి. ట్రాన్స్‌ఫార్మర్ మీద మోయలేనంత లోడు, తీగ చివర లో వోల్టేజి. వోల్టేజి పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, కాయిల్ వేడెక్కుతుంది, కాలిపోతుంది. రివైండింగుకు పట్నం మోసుకుపోవాలి. ఆ నాలుగు రోజుల్లో పైరు వాడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఊరంతా చందా వేసుకుని, ట్రాక్టరు మాట్లాడుకుని, దాన్ని రిపేరు షెడ్డుకు తోలాలి. రాత్రి కరెంటుకు లేచి వెళ్లినవాడు తడిసిన స్టార్టర్ మీద చెయ్యి వేస్తాడు, లేదా గట్టు మీద పామును తొక్కుతాడు. అప్పుడు కరెంటు సమస్య ఆసుపత్రి సమస్య అవుతుంది. ఆసుపత్రి ఖర్చుకు అప్పు ఇచ్చేది ఎవరు? ఎరువుల కొట్టు యజమానో, పంట కొనే వ్యాపారో. ఆ అప్పుతో పంట అతని చేతికే, అతను చెప్పిన ధరకే పోతుంది. మూడు శాఖలు ఒకే ఇల్లు అంటున్నది ఇందుకే.

ఈ చూపు మన రాజకీయాలకు కొత్తది కాదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు ప్రతిపక్షంలో ఉంటూ నదీజలాల లెక్కలు ఇంజనీర్లకు దీటుగా చదివారు. ఏ ప్రాజెక్టుకు ఎంత నీరు, ఏ మెట్టకు ఎలా మళ్లించవచ్చో ప్రత్యామ్నాయ ప్రణాళికలే రాశారు. ఆయన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డిగారు నెల్లూరులో ప్రజా వైద్యశాల నడిపి, పల్లెల్లో వైద్యం చేసే యువకులకు శిక్షణ ఇచ్చారు. అన్న నీళ్ల లెక్క చూస్తే తమ్ముడు జ్వరాల లెక్క చూశారు. సత్తెనపల్లి నుంచి గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్యగారు ఏ పెద్ద పార్టీ అండా లేకుండా నాగార్జునసాగర్ కోసం దశాబ్దాలు మాట్లాడారు. అంకెలతో వచ్చే ప్రతిపక్షానికి మన దగ్గర వంశవృక్షం ఉంది.

ఇప్పుడు 1998కి వద్దాం. విద్యుత్ బోర్డు నష్టాల్లో ఉన్నది నిజం. 1995లో హితేన్ భయ్యా కమిటీ బోర్డును విడగొట్టి సంస్కరించాలని సిఫారసు చేసింది. చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చింది. 1999 ఫిబ్రవరి నుంచి బోర్డు ఉత్పత్తికి జెన్‌కోగా, సరఫరాకు ట్రాన్స్‌కోగా విడిపోయింది. అదే నెలలో ప్రపంచ బ్యాంకు తొలి విడతగా 21 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. మొత్తం కార్యక్రమం వంద కోట్ల డాలర్లది. రెగ్యులేటరీ కమిషన్ ఏర్పడింది, 2000లో నాలుగు విద్యుత్ పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు పుట్టాయి. ఆ డిస్కంలను ప్రైవేటుకు ఇవ్వాలన్నది పథకంలో తర్వాతి మెట్టు. ప్రభుత్వ పక్షాన న్యాయంగా ఒక మాట చెప్పాలి. కరెంటు దొంగతనాన్ని గట్టి నేరంగా మార్చిన చట్టం కూడా అప్పుడే వచ్చింది. కమిషన్ ముందు బహిరంగ విచారణలు ఆనాటి సంస్కరణల వల్లే మొదలయ్యాయి. ఆ విచారణలే ప్రభుత్వానికి ఇబ్బంది తెచ్చిపెట్టడం వేరే సంగతి.

ఎందుకంటే ఆ విచారణల్లో ఒక పాత లెక్క బద్దలైంది. బోర్డు ఏళ్ల తరబడి సరఫరా నష్టాలు 20 శాతం లోపేనని చెప్పుకొచ్చింది. మీటర్లు లేని వ్యవసాయం అంచనాల గంప కాబట్టి, లెక్కకు రానిదంతా రైతు తాగాడని రాసేసింది. తిరిగి కొలిచేసరికి నష్టాలు 30 శాతం దాటి ఉన్నాయి. అంటే తీగల్లో పోయిందీ, పట్నాల్లో, ఫ్యాక్టరీల్లో మీటరు తిప్పేసి కాజేసిందీ ఇన్నాళ్లూ రైతు పద్దులో పడింది. రైతును రాష్ట్ర ఖజానాకు భారంగా చూపించిన ప్రతి ప్రసంగం ఈ అంకె మీద నిలబడిందే. రైతు సంఘాల కార్యకర్తలు, విలేకరులు, రిటైరైన ఇంజనీర్లు అభ్యంతర పత్రాలు పట్టుకుని కమిషన్ హాల్లోకి వెళ్లి, జేగురుపాడు, కాకినాడ గ్యాస్ ప్లాంట్లతో చేసుకున్న కొనుగోలు ఒప్పందాల్లో స్థిర చార్జీలు ఎంత, పెట్టుబడి వ్యయం ఎంత చూపారు అని అడిగారు. వాళ్లకు శాసనసభలో సీటు లేదు. అయినా నా దృష్టిలో ఆ రోజుల్లో అసలైన ప్రతిపక్షంలో సగం ఆ హాల్లోనే కూర్చుంది.

మిగతా సగం అసెంబ్లీలోనూ రోడ్డు మీదా ఉంది. 1999 ఎన్నికల్లో 294 సీట్లలో తెలుగుదేశానికి 180, కాంగ్రెస్‌కు 91 వచ్చాయి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రతిపక్ష నాయకుడయ్యారు. 2000 వేసవి చివర చార్జీల పెంపు ఉత్తర్వు రాగానే వామపక్షాలు తొమ్మిది కలిసి ఉద్యమం లేపాయి, కాంగ్రెస్ కలిసింది. కాంగ్రెస్ ఎమ్మెల్యేలు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఊరూరా బిల్లులు తగలబెట్టారు. ఉద్యమాన్ని పల్లెల్లో నిలబెట్టింది ఎర్రజెండాలేనని చెప్పకపోతే చరిత్రకు అన్యాయం. దాన్ని ఓట్ల భాషలోకి మార్చింది మాత్రం రాజశేఖరరెడ్డి.

ఆయన గురించి మాట్లాడేటప్పుడు మన రాష్ట్రాల్లో గొంతులు వెంటనే రెండుగా చీలతాయి. ఆ చీలికను పక్కనపెట్టి, ప్రతిపక్ష నాయకుడిగా ఆ అయిదేళ్ల పనినే చూడమని కోరుతున్నాను. ఆయన డాక్టరు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేశారు, పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టారు. మెట్ట సీమ డాక్టరు దగ్గరికి వచ్చే రోగి జబ్బుతో పాటు అప్పునూ మోసుకొస్తాడు. మందు చీటీ రాశాక ఎన్ని కొనుక్కోగలడో కూడా చూసి రాయాలి. ఆ అనుభవం ఉన్న మనిషికి సేద్యం ఒక శాఖగా, వైద్యం ఇంకో శాఖగా కనిపించవు.

2002లో వానలు మొహం చాటేశాయి. 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో నడక మొదలుపెట్టి జూన్ 15న ఇచ్ఛాపురం చేరారు. 1,400 కిలోమీటర్లకు పైగా, నిండు వేసవిలో. రాజమండ్రి దగ్గర వడదెబ్బకు పడిపోయి కొన్నాళ్లు ఆగారు. పాదయాత్రలు ఇప్పుడు మనకు అలవాటైపోయాయి. అప్పటికి ఒక ప్రతిపక్ష నాయకుడు ఎండిన బోర్ల మధ్య రెండు నెలలు నడవడం కొత్త. ఆ నడకలో ఊరూరా వినిపించిన మాట రైతుకు ఉచిత కరెంటు. అసాధ్యమని ప్రభుత్వం అంది. ఖజానా దివాలా తీస్తుందని పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు అన్నారు. ఆయన సొంత పార్టీ పెద్దల్లోనూ సందేహించినవారున్నారు. నేను ఆ వాదనలను తేలిగ్గా తీసుకోను. ఎవరో ఒకరు ఆ డబ్బు కట్టాలి కదా. కానీ ఎవరు, ఎంత, ఏ పద్దులో కడతారన్నది అడగవలసిన ప్రశ్న. అసాధ్యం అన్న ఒక్క మాటతో దాన్ని మూసేశారు. జనం దాన్ని మళ్లీ తెరిచారు. 2004 ఎన్నికల్లో తెలుగుదేశం 47 సీట్లకు పడిపోయింది. మే 14న ప్రమాణం చేసిన వేదిక మీదే ఉచిత కరెంటు ఫైలు మీద తొలి సంతకం పడింది.

డిస్కంల ప్రైవేటీకరణ ఆగిపోయింది. ఇవాళ్టికీ రెండు రాష్ట్రాల్లో అవి ప్రభుత్వ సంస్థలే. మన ముగ్గురు అమరుల పేరు మీద నేను మొదట రాసుకునే విజయం ఉచిత కరెంటు కాదు, ఇది.

ఇక గద్దె ఎక్కాక జరిగినదానికి వద్దాం. 2005లో ఉచిత కరెంటుకు షరతులు పెట్టారు. ఆదాయపు పన్ను కట్టేవారికి ఉచితం లేదు. మోటారుకు కెపాసిటర్ బిగించాలి, ఐఎస్ఐ పంపుసెట్టు పెట్టాలి, మంచి ఫుట్‌వాల్వు వేయాలి. వినడానికి చిన్న విషయాలు. నిజానికి ఈ విధానంలో తెలివైన భాగం ఇదే. మోటారు పని చేసే కరెంటుతో పాటు పని చేయని కరెంటును కూడా తీగల్లోంచి లాగుతుంది. కెపాసిటర్ ఆ రెండో దాన్ని మోటారు దగ్గరే సరఫరా చేస్తుంది. తీగ మీద భారం తగ్గుతుంది, వోల్టేజి నిలబడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది. కొన్ని వందల రూపాయల డబ్బా అది. ఇరవై లక్షలకు పైగా ఉన్న మోటార్లన్నింటికీ ప్రభుత్వమే బిగించి, నిర్వహించి ఉంటే సబ్సిడీ భారమూ, రైతు రివైండింగు ఖర్చూ రెండూ తగ్గేవి. షరతు కాగితం మీద మిగిలింది. ఉచితం ఓట్లు తెస్తుంది, కెపాసిటర్ తేదు. దాన్ని పట్టించుకునే ప్రతిపక్షం అప్పుడు లేదు, ఇప్పుడూ కనిపించదు.

వైద్యంలో రెండు పెద్ద పనులు జరిగాయి. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్ మొదలైంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలై, మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా వచ్చింది. ఆపరేషన్ల కోసం ముఖ్యమంత్రి సహాయనిధికి వచ్చి పడుతున్న అర్జీలే దానికి మూలం. గుండెకు రంధ్రమున్న కూలి బిడ్డ కార్పొరేట్ ఆసుపత్రి మెట్లు ఎక్కగలిగింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే మేధావులతో నాకు పొత్తు కుదరదు. అయితే తెల్ల రేషన్ కార్డు పట్టుకుని పట్నం ఆసుపత్రికి వెళ్లిన డబ్బు ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రాలేదు. జ్వరం, బీపీ, సుగర్ మాత్రలు, కడుపుతో ఉన్న ఆడమనిషికి రక్తహీనత... నెలనెలా రైతు జేబు ఖాళీ చేసే ఈ ఖర్చులు ఏ ప్యాకేజీలోనూ లేవు. గుండె ఆపరేషన్ ఉచితమైంది, ఆ గుండెకు జీవితాంతం వేసుకునే మాత్రలు కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాతి ప్రభుత్వాలన్నీ పరిమితి పెంచడమే వైద్య విధానంగా చూపిస్తూ వచ్చాయి. రెండు లక్షలతో మొదలైంది, 2023 డిసెంబరులో తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు చేర్చాయి. అంకె పెరిగేకొద్దీ బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామనడం కూడా మామూలైంది.

మూడు పద్దులనూ విడదీసి చదివితే ఏమవుతుందో ఆ పాదయాత్ర ముగిసిన చోటే కనిపిస్తుంది. అందుకే కాసేపు శ్రీకాకుళం జిల్లాలో ఆగుదాం.

ఇచ్ఛాపురం ఉద్దానం అంచున ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతం. కొబ్బరి, జీడి, పనస తోటలతో కోనసీమకు తోబుట్టువులా ఉంటుంది. ఆ తోటల్లో పనిచేసే మగవాళ్లు, ఆడవాళ్లు నడివయసుకే కిడ్నీలు చెడి చనిపోతున్నారని ఆ ప్రాంత వైద్యులు 2000కి ముందు నుంచే మొత్తుకుంటున్నారు. కారణం ఇదీ అని ఖాయంగా ఎవరూ తేల్చలేకపోయారు. ఎండలో శ్రమ, తాగే నీరు, పురుగుమందులు అన్నింటినీ అనుమానించారు. ఇది వ్యవసాయ సమస్యా, వైద్య సమస్యా, నీటి సమస్యా? ఏ శాఖ పద్దులో వేస్తారు? ఆరోగ్యశ్రీ వచ్చాక డయాలసిస్‌కు దారి దొరికింది. అంటే కిడ్నీ చెడ్డ తర్వాతి ఖర్చుకు పద్దు దొరికింది, చెడకుండా ఆపే పనికి దొరకలేదు. వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరుకు గాని ప్రారంభానికి నోచుకోలేదు. పాదయాత్ర ముగిసిన ఇచ్ఛాపురానికీ ఈ ఆసుపత్రికీ మధ్య దూరం ఒక జిల్లా లోపలే. కాలం మాత్రం ఇరవై ఏళ్లు.

అదే నేల మీద, కరెంటు అవసరాల పేరిట, సోంపేట బీలలో థర్మల్ ప్లాంటుకు భూమి కేటాయించారు. బీల అంటే ఏడాది పొడవునా నీరు నిలిచే తంపర భూములు. దాని చుట్టూ వరి, చేపలు, పశువుల మేత. ప్రభుత్వ కాగితాల్లో అది పనికిరాని భూమి. రైతులు, మత్స్యకారులు ఏళ్ల తరబడి దీక్షల్లో కూర్చున్నారు. ఆ ప్రాంత డాక్టర్లు, కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మగారు వారికి అండగా నిలిచారు. కరెంటు శాఖను నడిపిన మనిషే ఈ ప్లాంటు ఇక్కడ వద్దన్నారు. 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు. రైతుల ప్రాణాలు పోయాయి. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని కొట్టేసింది. 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లా కాకరాపల్లిలో, ఇంకో థర్మల్ ప్లాంటు దగ్గర, మళ్లీ కాల్పులు, మళ్లీ మరణాలు.

బషీర్‌బాగ్‌లో కాల్పులను ఖండించి గద్దె ఎక్కిన పార్టీ ప్రభుత్వంలోనే సోంపేట, కాకరాపల్లి జరిగాయి. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న మరణించారు కాబట్టి ఆ తూటాల బాధ్యత ఆయన మీద మోపను. కానీ ఆ ప్లాంట్లకు తలుపు తెరిచిన విధానం ఆయన కాలానిదే. పల్లెకు కరెంటు ఇస్తామన్న మాటకూ, ఆ కరెంటు ఏ పల్లె పొట్ట కొట్టి తేవాలన్న ప్రశ్నకూ మధ్య ఎవరూ గీత గీయలేదు. సోంపేటకు అప్పటి ప్రతిపక్షాలన్నీ వెళ్లాయి, సంతాపం చెప్పాయి. ఇలాంటి కేటాయింపులు మళ్లీ జరగకుండా ఏ చట్టం తెస్తామో రాసిచ్చిన పార్టీ లేదు.

బెంచీలు మారిన కొద్దీ మాటలు మారడం మనం చూస్తూనే ఉన్నాం. 2012లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టి, సర్దుబాటు చార్జీలు వడ్డించినప్పుడు, పన్నెండేళ్ల కిందట చార్జీలు పెంచిన పార్టీ రోడ్డెక్కింది. వ్యవసాయ మోటార్లకు స్మార్ట్ మీటర్లు పెట్టాలని కేంద్రం ఒత్తిడి తెచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ ఒప్పుకుని శ్రీకాకుళంలో ప్రయోగం మొదలుపెట్టింది, తెలంగాణ ససేమిరా అంది. 2018 జనవరి 1 నుంచి రైతుకు 24 గంటల కరెంటు ఇస్తున్న తెలంగాణలో భూగర్భజలం సంగతేమిటని అడిగిన శాసనసభ్యుల్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇవాళ రెండు రాష్ట్రాల ఆర్థిక మంత్రులనూ గుర్తు చేసుకోండి. తెలంగాణలో భట్టి విక్రమార్కగారు ప్రతిపక్షంలో ఉండగా 2023లో ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా నడిచారు. ఇప్పుడు ఆర్థిక శాఖా, విద్యుత్ శాఖా రెండూ ఆయన దగ్గరే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పయ్యావుల కేశవ్‌గారు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ అధ్యక్షుడిగా విద్యుత్ కొనుగోళ్లను గట్టిగా ప్రశ్నించినవారు. 2024 జూన్ నుంచి ఆర్థిక శాఖ ఆయనది. ప్రశ్న అడిగినవారి చేతికే తాళంచెవి వచ్చిన అరుదైన సందర్భం ఇది. ప్రతిపక్షంలో తాము అడిగిన అంకెలను వారు తామే సభ ముందు పెట్టాలని అడగడం శత్రుత్వం కాదు. విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఉచితానికి ఇవ్వాల్సిన సబ్సిడీని ప్రభుత్వం డిస్కంలకు ముందే చెల్లించాలి. ఎన్ని నెలలు వెనకబడిందో సభలో చెబితే చాలు, సగం చర్చ దానంతటదే నిజాయితీగా సాగుతుంది.

ఇప్పుడు ప్రతిపక్ష బెంచీల మీద ఉన్నవారితో ఒక మాట. వారు ఏ పార్టీవారైనా సరే.

2004 జూన్ 1న వచ్చిన 421 నంబరు జీవో రైతు ఆత్మహత్య జరిగిన కుటుంబానికి లక్షన్నర సాయం ప్రకటించింది. లక్ష కుటుంబానికి, యాభై వేలు అప్పుల పరిష్కారానికి. మొత్తం తర్వాత పెరిగింది, పద్ధతి మారలేదు. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కలిసి విచారించి ఇది నిజమైన రైతు ఆత్మహత్యా కాదా అని తేలుస్తారు. పట్టాదారు పాస్‌బుక్కు చూపించాలి, అప్పు కాగితాలు చూపించాలి. కౌలుదారు ఇంట్లో పాస్‌బుక్కు ఎక్కడిది? జయతీ ఘోష్ అధ్యక్షతన వేసిన రైతు సంక్షేమ కమిషనే కౌలుదార్లను గుర్తించి తీరాలని చెప్పింది. 2011లో ఒక చట్టం, 2019లో ఆంధ్రలో ఇంకో చట్టం వచ్చాయి. అయినా 2019 చట్టం కింద యజమాని సంతకం లేనిదే కౌలు కార్డు కదలలేదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికి నాలుగు వేలూ, రైతుబీమా అయిదు లక్షలూ పట్టాదారు కుటుంబానికే వెళ్లాయి. ఉచిత కరెంటు మాత్రం కౌలు పొలానికీ అందింది, ఎందుకంటే తీగకు పట్టా ఎవరిదో తెలియదు. కానీ ఆ వెసులుబాటును కూడా యజమాని కౌలు పెంచి తన జేబులో వేసుకున్న ఊళ్లున్నాయి.

ఆత్మహత్యను విచారించే ఆ ఆర్డీవో కమిటీ ముందు కూర్చున్న రైతు భార్యను అడిగే ప్రశ్నల్లో ఒకటి నన్ను ఏళ్లుగా వెంటాడుతోంది. ఈ అప్పు దేనికి చేశారు అని అడుగుతారు. మా ఆయన కడుపునొప్పికి ఆపరేషన్ చేయించాం, అత్తకు కాలు విరిగితే కట్టు కట్టించాం అని ఆమె నిజం చెబుతుంది. అధికారి దాన్ని సొంత ఖర్చుల అప్పుగా రాసుకుంటాడు. సేద్యపు అప్పు కాదు కాబట్టి రైతు ఆత్మహత్య కాదు, ఫైలు మూసేస్తారు. అదే ఇంట్లో పంట డబ్బు ఆసుపత్రికి పోయింది, ఆసుపత్రి అప్పు తీరక పెట్టుబడికి వ్యాపారి దగ్గర మళ్లీ అప్పు చేశారు, మోటారు కాలి ఆ పంటా ఎండింది. ఆ ఇంట్లో ఏ రూపాయి సేద్యానిది, ఏ రూపాయి వైద్యానిది అని ఎవరు విడదీయగలరు? ఆమె విడదీయలేదు. ప్రభుత్వం మాత్రం విడదీసి, ఆ విడదీతనే సాయం నిరాకరించడానికి కారణంగా చూపిస్తుంది.

ప్రతిపక్షం వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఒక పని చేయవచ్చు. వాకౌట్లు చేసి, పద్దులన్నీ చర్చ లేకుండా ఒక్క సాయంత్రంలో గిలెటిన్ అయిపోనివ్వకుండా, వ్యవసాయం, వైద్యం, విద్యుత్ పద్దులు మూడింటినీ ఒకే రోజు చర్చకు పెట్టమని సభాపతిని కోరవచ్చు. ఆ రోజున జిల్లా వారీగా మూడు లెక్కలు బల్ల మీద పెట్టించుకోవాలి. డిస్కంలకు రావాల్సిన సబ్సిడీ బకాయి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఖాళీగా ఉన్న డాక్టరు, నర్సు పోస్టులు, 421 జీవో కింద తిరస్కరించిన ఫైళ్లు, తిరస్కరణకు రాసిన కారణంతో సహా. ఆ తర్వాత అడగాల్సిన సవరణ ఒక్క పేజీలో పడుతుంది. ఆ విచారణ కమిటీలో ప్రభుత్వ డాక్టరు ఒకరు ఉండాలి. కౌలుదారు సాగుకు గ్రామసభ వాంగ్మూలం చాలాలి. ఆసుపత్రి రసీదునూ, మోటారు రివైండింగు చీటీనీ సేద్యపు అప్పు కాగితాలుగానే స్వీకరించాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త పేరు అక్కర్లేదు. పాత జీవోకు ఒక సవరణ చాలు, అది ఆ సమావేశాల్లోనే సాధ్యం.